అత్తగారి కోసం ఎండ పట్టిన కండక్టరు

మా రాజోలులో దుర్గాశ్రీనివాస్ గారి పర్మిషన్ లేకుండా సూర్యుడు అస్తమించడు. ఇది నేను కళ్ళారా చూసి చెబుతున్న మాట. మొన్న వేసవిలో ఒక సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే, ఎదురుగా కొబ్బరితోట వెనకాల సూర్యుడు చెమటలు కక్కుకుంటూ ఆగి, "ఆయ్, ఇంక నేను దిగొచ్చాండీ" అని అడిగాడు. ఆయన లోపలికి తొంగి చూసి, బ్యాటరీ నిండిందో లేదో కనుక్కుని, "రైట్" అన్నారు. అప్పుడు గానీ దిగలేదు.

నమ్మనివాళ్ళని నేను బలవంతపెట్టను. బడి నన్ను తొమ్మిదో తరగతిలోనే వదులుకుంది కాబట్టి చదువుకున్నవాళ్ళకుండే అనుమానాలు నాకు లేవు. పైగా ఆయనదీ మాదీ ఒకటే గోడ. ఆ ఇంట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ముతాం.

దుర్గాశ్రీనివాస్ గారు ఆర్టీసీలో కండక్టరు. రాజోలు నుంచి అమలాపురం, అమలాపురం నుంచి రాజోలు. రోజంతా అరుస్తారు. "లోపలికి జరగండమ్మా, లోపల చెరువంత చోటుంది" అనే ఆయన గొంతు వినబడితే తాటిపాకలో కోళ్ళు కూడా ఒక అడుగు లోపలికి జరుగుతాయి. కానీ ఇంటికొచ్చేసరికి ఆ నోట్లో మాటలన్నీ అయిపోయి ఉంటాయి. అరుగు మీద కూర్చున్న మనిషిని పలకరిస్తే "ఊఁ" అనడానికి కూడా చిల్లర లేదన్నట్టు చూస్తారు.

ఆయనది మండపేట వైపు. ఇరవయ్యేళ్ళ కిందట మా పక్కింటికి ఇల్లరికం వచ్చారు. ఇల్లు ఆయన అత్తగారు సత్యనారాయణమ్మ గారిది. నాకు వరసకి పిన్నిగారు. ఆవిడ ఒక్కగానొక్క కూతురు భవానీదేవి అక్క కాకినాడలో నర్సు, వారానికోసారి వస్తుంది. అక్క మొగుడు కాబట్టి కండక్టరు గారు నాకు బావగారు. అంటే వారంలో ఆరు రోజులు ఆ ఇంట్లో ఉండేది అత్తగారూ అల్లుడూ, ఇద్దరే. ఆ ఇద్దరూ ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

తగువేమీ లేదు. అల్లుడి ఎదట పడి మాట్లాడకూడదని పిన్నిగారి పద్ధతి. ఈ వీధిలో మిగతా అత్తగార్లందరూ అల్లుళ్ళ పక్కన కూర్చుని టీవీ రిమోటు కోసం కొట్టుకుంటున్నారు. ఆవిడ మాత్రం, "మా అమ్మ మా ఇంటాయనతో నేరుగా మాట్లాడి ఎరగదురా. అంతమాత్రాన ఆయనకి అన్నం తక్కువైందా" అంటుంది. అల్లుడుగారు హాల్లోకొస్తే ఆవిడ తలుపు వెనక్కి వెళ్తుంది. ఆవిడ గది గడప ఆయన ఎప్పుడూ దాటలేదు.

అలాగని మాటలు ఆగాయా అంటే ఆగలేదు. పిన్నిగారు గుమ్మంతో చెబుతుంది: "స్నానానికి నీళ్ళు తోడి ఉన్నాయని ఎవరికైనా చెప్పండి." బావగారు గోడ గడియారంతో చెబుతారు: "రేపు డ్యూటీ పొద్దున్నే అని తెలిస్తే బాగుణ్ణు." మరీ పెద్ద విషయమైతే కాకినాడ మీదుగా వెళ్తుంది. బావగారు అరుగు మీద నుంచి అక్కకి ఫోను చేసి, "పులుసు బాగుందని మీ అమ్మగారికి చెప్పు" అంటారు. మరుక్షణం వంటింట్లో పిన్నిగారి ఫోను మోగుతుంది. అరుగుకీ వంటింటికీ మధ్య ఉన్నది పది అడుగులు. పులుసు కబురు మాత్రం గోదావరి దాటి వెళ్ళి, మళ్ళీ గోదావరి దాటి వస్తుంది. అక్క వార్డులో ఉండి ఫోను ఎత్తకపోతే గోడ మీద నుంచి నన్ను పిలుస్తారు. కాకినాడ తరవాత కాకినాడ అంతటివాణ్ణి నేనే.

కిందటేడు చలికాలంలో పిన్నిగారికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపుతూ డాక్టరుగారు ఆక్సిజన్ మిషను రాశారు. చిన్న బీరువాలా ఉంటుంది, గాల్లోంచి ఆక్సిజన్ తీస్తుంది, కరెంటు మీద నడుస్తుంది. రోజులో చాలాసేపు ఆవిడ ముక్కుకి దాని గొట్టం ఉండాల్సిందే. ఆ గొట్టం పొడుగెంతో ఆవిడ ప్రపంచం అంతే అయిపోయింది: మంచం, కిటికీ, గది గుమ్మం. పొయ్యి దగ్గరికి పోకూడదన్నారు. దాంతో వంట బావగారి చేతిలో పడింది. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేముందు అన్నం వార్చి, పప్పు చేసి, గుమ్మానికి ఇవతల పీట మీద పెట్టి గొంతు సవరించుకుంటారు. ఆయన అటు తిరగ్గానే ఆవిడ పళ్ళెం తీసుకుంటుంది. కాసేపటికి కాకినాడ నుంచి కబురు: "పప్పులో ఉప్పు సరిపోయిందిట. అన్నమే ఇంకొక్క పొంగు రావాలిట."

ఇక ఆ రోజు సంగతి. ఏప్రిల్ నెల, పొద్దుట్నుంచీ గాలివాన. బావగారికి ఆ రోజు సెలవు. పొద్దున్నే ఎక్కడో కొబ్బరిచెట్టు తీగల మీద పడి కరెంటు పోయింది. ఇంట్లో పాత ఇన్వర్టరు ఉంది, ఎప్పుడో ఫ్యాను కోసం పెట్టుకున్నది. అది మధ్యాహ్నం దాకా మిషన్ని లాగి, ఇంక నా వల్ల కాదని కూలబడింది. మిషను ఆగితే కీచుమని అరుస్తుంది. ఆ అరుపు మా ఇంట్లోకి వినబడింది. దాని వెనకే బావగారి గొంతు, బస్సులో గొంతు: "వెంకటదుర్గమ్మా, ఒకసారి రామ్మా."

వెంకటదుర్గ నా భార్య. ఆవిడ గోడ ఎలా దూకిందో నాకు తెలియదు. మా పెళ్ళయ్యాక ఆవిడ దేన్నైనా దూకడం అదే చూడటం. నేను వీధి చుట్టూ తిరిగి వెళ్ళేసరికి బావగారు గది గుమ్మం బయట నిలబడి ఉన్నారు. గడపకి ఇవతల. లోపల మంచం మీద పిన్నిగారు కూర్చుని, అక్కరకి ఉంటుందని మంచం పక్కన పెట్టిన ఆక్సిజన్ సిలిండరుకి గొట్టం తగిలించబోతోంది. ఆయాసంలో గొట్టం జారిపోతోంది. ఆయన చూస్తున్నారు. ఆవిడ చూస్తోంది. ఇంతలో వెంకటదుర్గ లోపలికి వెళ్ళి గొట్టం పెట్టి మర తిప్పింది. పిన్నిగారి మొహంలో రంగు మెల్లిగా వెనక్కి వచ్చింది.

ఆ తరవాత బావగారు అరుగు మీద కూర్చుని చాలాసేపు తన రెండు పాదాల వంక చూసుకున్నారు. ఒక అడుగు వెయ్యలేకపోయిన పాదాలని మనిషి అలాగే చూస్తాడు. నేను అప్పుడు ఏ జోకూ వెయ్యలేదు. ఇది రాజోలు చరిత్రలో రాసుకోవలసిన విషయం.

మర్నాడు ఆయనే గోడ దగ్గరకొచ్చారు.

"బామ్మర్దీ, సోలార్ పెట్టిస్తాను."

"పెట్టించండి."

"ఇల్లు ఆవిడది. మీటరు మావగారి పేరు మీదే ఉండిపోయింది. ముందది ఆవిడ పేరుకి మారాలిట. అడగాలి."

"అడగండి."

ఆయన నన్ను చూశారు. నాకు అర్థమైంది. అక్క నైట్ డ్యూటీలు చేసి పగలు పడుకుంటోంది, కాకినాడ లైను బిజీ.

"మిషను కోసం అని మాత్రం చెప్పకు," అన్నారు. "నా కోసం ఇంత హడావిడా, వద్దంటే వద్దంటారు. నాకే ఏసీ కావాలన్నానని చెప్పు."

అబద్ధం చెప్పమని నన్ను అడగడమంటే చేపకి ఈత నేర్పడం. పిన్నిగారి గుమ్మంలో కూర్చుని మొదలుపెట్టాను. అల్లుడుగారి ఒంటి వేడి ఈమధ్య మరీ ఎక్కువైపోయిందనీ, ఆయన చేతిలో టికెట్టు అంచులు మాడిపోతున్నాయనీ, మొన్న ఒక ముసలాయన ఆయన పక్క సీట్లో కూర్చుని అప్పడం కాల్చుకున్నాడనీ, డాబా నిండా సోలార్ పలకలు వేసి ఏసీ పెట్టకపోతే ఆర్టీసీవాళ్ళు ఆయన్ని బస్సు టాపు మీద కూర్చోబెడతామన్నారనీ చెప్పాను.

ఆవిడ నవ్వింది. నవ్వితే దగ్గొస్తుంది, అయినా నవ్వింది. "అల్లుడుగారికి సుఖంగా ఉంటుందంటే నేనెందుకు కాదంటాను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతానని చెప్పు." తరవాత కొంచెం ఆగి అడిగింది: "డాబా అంతానా?"

"అంతానండి పిన్నిగారూ. ఏసీ అంటే మాటలా."

"మంచిదే," అంది. "ఇంక ఎక్కేవాళ్ళెవరున్నారులే."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ డాబా ఆవిడది. ఏటా వేసవిలో తూర్పు పక్కన పాత పంచెలు పరిచి గుమ్మడి వడియాలు, మినప వడియాలు, ఊరమిరపకాయలు పెట్టేది. వీధిలో సగం ఇళ్ళకి ఆ డబ్బాలే వెళ్ళేవి. మా చిన్నప్పుడు కాకుల్ని తోలే ఉద్యోగం నాది. కాకులకంటే నేనే ఎక్కువ తిన్నానని నన్ను తీసేశారు. ఈ ఏడు ఆవిడ మెట్లెక్కలేదు. డాబా ఖాళీగా ఉన్నంతకాలం ఎక్కలేదనే మాట ఒక్క ఈ ఏటిది. దాని నిండా పలకలు బిగించేస్తే అది ఇంక ఎప్పటికీ ఎక్కదనే మాట.

ఆ ఒక్క మాటా నేను ఏ మసాలా వెయ్యకుండా బావగారికి తీసుకెళ్ళి అప్పజెప్పాను. ఆయన లేచి డాబా ఎక్కారు.

నాలుగిళ్ళ అవతల కొబ్బరి వ్యాపారి కామేశ్వరరావు గారింటి మీద అప్పటికే సోలార్ ఉంది. ఆయన దాని గురించి చెప్పని మనిషి రాజోలులో లేడు. పెళ్ళికెళ్తే పెళ్ళికొడుక్కి చెప్పాడు. "మనకింక కరెంటు పోయేదే లేదండి, సొంత కరెంటు" అనేవాడు. బావగారు కూడా అలాంటిదే పెట్టించాలని అనుకున్నారు. అందరూ అదే పెట్టించుకుంటున్నారు కదా.

మే నెలలో ఇంకో గాలివాన వచ్చింది. అరగంటలో వెళ్ళిపోయింది, వెనకాలే ఎండ పెళపెళలాడుతూ వచ్చింది. లైను మాత్రం తెగింది, పిన్నిగారు మళ్ళీ సిలిండరు మీద పడింది. ఆ మధ్యాహ్నం కామేశ్వరరావు గారు బనీనుతో వీధిలో నిలబడి, తాటాకు విసనకర్రతో విసురుకుంటూ, తన డాబా మీద మెరుస్తున్న పలకల్ని చూస్తున్నాడు.

"ఏంటండీ, సొంత కరెంటుకి ఒంట్లో బాగోలేదా?" అన్నాను.

"ఎండ ఉంది కదండీ," అన్నాడాయన పాపం. "ఎండ ఉండగా ఎందుకు ఆగిందో."

ఫోను చేస్తే తేలింది. ఆయనది లైనుకి కలిపిన రకం. మామూలు రోజుల్లో మనం వాడుకోగా మిగిలింది లైనులోకి పోతుంది, బిల్లు తగ్గుతుంది, అంతవరకూ బంగారం. కానీ లైన్లో కరెంటు పోతే అది కూడా తనంతట తానే ఆగిపోతుంది. ఆగకపోతే, కరెంటు లేదు కదా అని స్తంభమెక్కిన లైన్‌మన్‌కి మన డాబా మీది కరెంటు కొడుతుంది. మనిషి ప్రాణం కోసం అలా పెట్టారు, తప్పేమీ లేదు. కరెంటు పోయినప్పుడు కూడా నడవాలంటే బ్యాటరీ ఉన్న రకం పెట్టించుకోవాలి. కామేశ్వరరావు గారు అది అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

బావగారు ఇదంతా విని, అప్పటిదాకా మాట్లాడుకున్నవాళ్ళని మానేసి, అమలాపురం నుంచి విజయ్ కుమార్ అనే ఆయన్ని పిలిపించారు. ఇళ్ళకి సోలార్ బిగించడం ఆయన పని. రోజూ బావగారి బస్సులోనే వెళ్తాడు. బస్సులో ఇంత అరిచే మనిషి ఇంట్లో ఇంత మెల్లిగా మాట్లాడతాడని ఆయనకి తెలియదు. హాల్లో కుర్చీలో కూర్చుని మాటిమాటికీ చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

ముందు డాబా చూశారు. బావగారు అప్పటికే రెండు సెలవురోజులు పైన కూర్చుని, దక్షిణం పక్కనున్న కొబ్బరిచెట్టు నీడ ఎంతదాకా వస్తోందో పిట్టగోడ మీద సుద్దముక్కతో గీసి, పక్కన బస్సు స్టేజీల్లాగా టైములు వేసి ఉంచారు. "నీడ డాబా మీదికి రావడం లేదండి," అన్నారు ఎంతో నమ్మకంగా.

"ఇప్పుడు రాదండి," అన్నాడు విజయ్ కుమార్. "మే నెలలో సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడు, చెట్టు నీడ చెట్టు కాళ్ళ దగ్గరే. మార్గశిరం పుష్యంలో దక్షిణానికి దిగిపోతాడు. అప్పుడీ నీడ సగం డాబా తినేస్తది. ఒక పలక మీద నీడ పడినా పక్కవి కూడా నీరసపడతాయండి."

"మరి?"

"ఇల్లంతటికీ కావాలంటే ఈ తూర్పు పక్కంతా వేసుకోవాలండి. లేదంటే చెట్టు కొట్టించాలి."

బావగారు తూర్పు పక్కని చూశారు, చెట్టుని చూశారు. సుద్దముక్క జేబులో వేసుకుని కిందికి దిగారు.

హాల్లో కూర్చున్నాక విజయ్ కుమార్ తూర్పు పక్కా, లేకపోతే చెట్టా అని ఇంకోసారి గట్టిగా అనేసి, పద్ధతిగా అడగడం మొదలుపెట్టాడు. స్లాబు ఎప్పుడు వేశారు, వానలకి ఉరుస్తోందా అన్నాడు. ఉరుస్తోందంటే, "అయితే స్లాబుకి కన్నాలు పెట్టొద్దండి, సిమెంటు దిమ్మలు పోసి వాటికి బిగిద్దాం. సముద్రం గాలి తగిలే చోటు, ఇనుప సామాను తుప్పు పడుద్ది, తుప్పు పట్టని రకమే వాడాలి" అన్నాడు. గోడ మీద ఎప్పటిదో వరద మరక చూసి, "బ్యాటరీ దీనికి బాగా పైన పెట్టాలండి" అన్నాడు. తరవాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏసీ ఎన్ని టన్నులదండీ?" అన్నాడు.

"ఏసీ లేదు," అన్నారు బావగారు.

"కొంటున్నారాండీ?"

"లేదు."

"మరి కరెంటు పోయినప్పుడు ఏమేం నడవాలండి? అన్నీ అంటే బ్యాటరీకి భారం. ఆగినా పర్లేదన్నవి తీసెయ్యండి. అసలు ఆగకూడనిది ఏంటో చెప్పండి చాలు."

బావగారు నా వంక చూశారు. మూసీ మూయని గది తలుపు వంక చూశారు. దాని వెనక మిషను గుర్రుమంటోంది. గొంతు తగ్గించి, "ఆ గదిలో మిషనండి," అన్నారు.

"వినబడలేదండి."

"మిషను."

"అయ్యో, కొంచెం గట్టిగా చెప్పండి."

ఇంక ఆయనలో కండక్టరు లేచాడు. "ఆక్సిజన్ మిషనండీ. అదొక్కటి ఆగకూడదు."

రాజోలు నుంచి అప్పనపల్లి దాకా వినబడి ఉంటుంది. నేను అనుకున్నాను, ఇంక అయిపోయింది, ఆవిడ వద్దంటుంది. తరవాత తలుపు వెనక నుంచి పిన్నిగారి గొంతు, నెమ్మదిగా, ఊపిరికీ ఊపిరికీ మధ్య మాట ఇరికించి:

"అలాగైతే తూర్పు పక్కే వేసెయ్యమని ఎవరైనా చెప్పండి. నాకు డాబాతో ఏం పని."

విజయ్ కుమార్ తలుపు వైపు తిరిగి, "ఆయ్, అలాగేనండి," అన్నాడు.

బావగారు గోడ గడియారం వైపు తిరిగారు. "వడియాలు ఎవరు పెడతారని అడగండి."

"పెట్టేవాళ్ళే లేనప్పుడు చోటెందుకని చెప్పండి."

"ఈ ఏడు కాకపోతే పైయేడు పెడతారని చెప్పండి."

"మెట్లెక్కలేనిదాన్ని అని చెప్పండి."

"మెట్లదాకా నేను..." అని ఆగి, "మెట్లదాకా కుర్చీ వేసుకుని కూర్చుంటే పైన పరిచేవాళ్ళు ఉన్నారని చెప్పండి. ఎండ ఎక్కడుండాలో ఆవిడ చెబితే చాలు."

విజయ్ కుమార్ తల అటూ ఇటూ తిప్పి తిప్పి నా వైపు వంగాడు. "ఎవరు ఎవరికి చెప్పాలండీ?"

"మీరు మధ్యలో వేలు పెట్టకండి," అన్నాను. "ఇది హైటెన్షన్ లైను."

చివరికి పిన్నిగారు అడిగింది: "చెట్టు?"

"చెట్టు జోలికి వెళ్ళద్దని చెప్పండి," అన్నారు బావగారు.

అప్పుడు విజయ్ కుమార్ దగ్గాడు. "నన్ను చెప్పనిస్తారాండీ. ఏసీ లేదంటున్నారు. మిషను ఒకటి, ఫ్యాను ఒకటి, రెండు లైట్లయితే డాబా అంతా అక్కర్లేదు. ఉత్తరం చివర్ని కొంచెం ఎత్తుగా వేసుకుంటే సరిపోద్ది. చెట్టు నీడ చలికాలంలో కూడా అంతదాకా రాదు. తూర్పు పక్క మీ ఇష్టం." తరవాత ఇంకో మాట కూడా అన్నాడు, అది మంచి మనిషి మాట: "ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలండి. తుపాను ముసురులో పలకలు పెద్దగా ఇవ్వవు. అప్పుడంతా బ్యాటరీ మీదే. మిషను తప్ప వేరేది వెయ్యకూడదు. సిలిండరు ఎప్పుడూ నిండుగా ఉండాల్సిందే."

పలకలు ఉత్తరం చివర్న లేచాయి. నేను ముందు చెప్పిన సూర్యుడి సంగతి అప్పటిది. మీటరు పిన్నిగారి పేరుకి మారింది. పాత పేరు పోతుంటే ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది గానీ, "కరెంటువాళ్ళకి ఇంతకాలానికి తెలిసిందన్నమాట మీ బాబాయిగారు లేరని" అని జోకు కూడా వేసింది. బావగారు ప్రతి ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, మెత్తటి గుడ్డతో పలకలు తుడుస్తారు. బస్సు అద్దం అంత శుభ్రంగా ఆయన ఎప్పుడూ తుడిపించలేదు.

కానీ గెలిచామో లేదో తేలాలంటే తుపాను రావాలి కదా. అక్టోబరులో వచ్చింది.

రాత్రంతా గాలి వీచి, తెల్లారేసరికి వీధిలో స్తంభాలు పడుకుని ఉన్నాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, కాకినాడ లేదు. బావగారు ముందురోజు డ్యూటీకి వెళ్ళినవాళ్ళు అమలాపురంలో చిక్కుపడిపోయారు. బస్సులు ఆపేశారు. ఇక్కడ మిషను ఆడుతోందో లేదో ఆయనకి చెప్పేవాళ్ళు లేరు.

నా భార్య పిన్నిగారి మంచం పక్కనే ఉంది. నేను మాత్రం ఫోనుకి చార్జింగు పెట్టుకుందామని వెళ్ళాను. ఆ మాటకొస్తే వీధిలో చాలామంది వచ్చారు, కామేశ్వరరావు గారితో సహా. పిన్నిగారు మంచం మీద నుంచే చెయ్యి ఊపింది. "ఒక్క మిషనే అన్నారు అల్లుడుగారు. ఏమీ అనుకోకండి." ఆఖరికి ఫ్యాను కూడా వెయ్యనివ్వలేదు, విసనకర్రతో కూర్చుంది. జీవితంలో ఎవరికీ లేదనని మనిషి, ఆ రోజు అందరికీ లేదంది. ఆకాశం సిమెంటు రంగులో ఉంది. బ్యాటరీ మీద పచ్చగీతలు ఒక్కొక్కటే తగ్గుతుంటే వెంకటదుర్గ సిలిండరు వంక చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నానికి మబ్బు కాస్త పలచబడింది. గీతలు తగ్గడం ఆగింది. పెరగలేదు, ఆగింది, అంతే. మాకు అదే చాలు.

పొద్దు వాలుతుండగా బావగారు వచ్చారు. నడిచి. రోడ్డుకి అడ్డం పడ్డ చెట్ల మీద నుంచి ఎక్కి దిగి, మోకాళ్ళదాకా బురదతో, ఖాకీ చొక్కా ఒంటికి అంటుకుపోయి. చెప్పులు ఎక్కడో పోయాయి. అరుగు ఎక్కగానే ఆగి విన్నారు. మిషను గుర్రుమంటోంది. అయినా నమ్మకం చాలక హాలు దాటి, గది గుమ్మం దాకా వెళ్ళి గడపకి ఇవతల నిలబడ్డారు.

నేను ఆయన వెనకాలే ఉన్నాను. కాబట్టి ఇప్పుడు చెప్పేది అక్షరాలా జరిగింది. పిన్నిగారు మంచం మీద నుంచి లేచింది. ఇరవయ్యేళ్ళ పద్ధతిని కొంగులా దులిపి పక్కన పడేసింది. గొట్టం చాలకపోతే గొట్టమే సాగింది. గడప దాటి వచ్చి, అల్లుడుగారి బురద తలని రెండు చేతుల్తో పట్టుకుని, "నా కడుపున పుట్టని కొడుకువయ్యా నువ్వు, నా ఊపిరి నువ్వు ఇచ్చిందే" అని భోరుమంది. ఆయన కూడా భోరుమన్నారు. ఆ కన్నీళ్ళకి వీధిలో పడిపోయిన స్తంభాలు రెండు సిగ్గుపడి లేచి నిలబడ్డాయి. ఈ సంగతి నేను బస్టాండు టీ కొట్టు దగ్గర చెబితే వినేవాళ్ళంతా టీ తాగడం మానేసి కళ్ళు తుడుచుకుంటారు.

మొన్న అలాగే చెబుతుంటే బావగారు టికెట్టు మిషను భుజాన వేసుకుని వెనక నిలబడి విన్నారు. నేను చూడలేదు. అంతా అయ్యాక, టీ గ్లాసు కింద పెట్టి, బస్సు వైపు నడుస్తూ అన్నారు:

"అలాగేం అనలేదండీ. లేవలేదు కూడా. 'మిషను ఆడుతోంది, మీరు కాళ్ళు కడుక్కుని అన్నం తినండి' అన్నారు. నాతోనే అన్నారు. నేను తిన్నాను."